పద్నాలుగో నంబరు చొక్కా

నాకు కోపమెక్కువని మా వీధిలో అందరూ అంటారు. రోజుకి పది గంటలు వేడి ఇస్త్రీ పెట్టె పట్టుకుని నిలబడితే, ఎదురుగా బల్ల మీద ముగ్గురు పనిలేనివాళ్ళు కూర్చుని బాస్కెట్‌బాల్ గురించి గొంతులు చించుకుంటుంటే, ఎవరికి రాదు? అలా అనేవాళ్ళని ఒక్కపూట నా చోట నిలబెట్టి చూడండి, పెట్టె ఎవరి నెత్తిన పెడతారో.

లాండ్రీ మా తమ్ముడిది. ఉతకడం వాడి వంతు, ఇస్త్రీ నా వంతు. వాడికి రెండే రెండు గర్వాలు. ఒకటి వాడి మీసం. ఇరవై రెండేళ్ళుగా దువ్వి, నూనె రాసి పెంచింది. మా మరదలు ఆ మీసం చూసే పెళ్ళికి ఒప్పుకుందని వాడి నమ్మకం. ఆవిడ ఆసుపత్రిలో నర్సు. ఈ విషయంలో ఇన్నేళ్ళుగా ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. రెండో గర్వం కూతురు. ఇంట్లో దాన్ని మేకు అంటాం. చిన్నప్పుడు ఒకచోట కూలబడిందంటే నలుగురు పట్టి లాగినా లేచేది కాదు. ఇప్పుడది మా ఊరి గడియారం కాలేజీ అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టులో ఉంది. చొక్కా నంబరు పద్నాలుగు.

ఈ ఏడాది కాలేజీ అమ్మాయిల టోర్నమెంటులో సీజనంతా మ్యాచ్‌లు పొరుగూళ్ళలో జరిగాయి. సెమీఫైనల్ మాత్రం మా ఊళ్ళోనే పెట్టారు. శనివారం మా గడియారం కాలేజీకీ కొండ కాలేజీకీ పోటీ. కొండ కాలేజీ జట్టు వారం ముందే వచ్చి దిగింది. ఊళ్ళో ఉన్న మంచి లాండ్రీ మాదొక్కటే కాబట్టి వాళ్ళ నీలం చొక్కాలు కూడా మా దగ్గరికే వచ్చాయి. ఇక చూసుకోండి. బల్ల మీద కూర్చునేవాళ్ళకి రెండు జట్ల చొక్కాలూ ఒకే తీగ మీద ఆరుతూ కనిపిస్తుంటే ఇళ్ళకి పోతారా?

ఆ ముగ్గురి సంగతి చెప్పాలి. లెక్కల మాస్టారు రిటైరై ఆరేళ్ళయింది. బడిలో మిగిలిపోయిన లెక్కలన్నీ ఇప్పుడు మా బల్ల మీద వేస్తున్నారు. పేపర్లో పడ్డ ప్రతి స్కోరూ నోటుబుక్కులో ఎక్కిస్తారు. పక్కకొట్టులో టైర్లు బాగుచేసే ఆయన్ని అందరం పంక్చర్ అంటాం, వాళ్ళావిడ కూడా అలాగే పిలుస్తుంది. ఎదురు మందుల షాపావిడ చదివింది కొండ కాలేజీలో. అందుకని వీధంతా ఒకవైపు, ఆవిడొక్కతే ఒకవైపు. అయినా బెదిరే రకం కాదు.

"నిచ్చెన ఎత్తు ఆరడుగుల ఒక అంగుళం. ఎడంచెయ్యి ఎత్తు అయిదడుగుల నాలుగు. తేడా తొమ్మిదంగుళాలు. ఇంక ఆడేదేముంది?" అన్నారు మాస్టారు గురువారం మధ్యాహ్నం. నిచ్చెనంటే కొండ కాలేజీ నాలుగో నంబరు. ఎడంచెయ్యంటే మా కెప్టెన్.

"అదేంటి మాస్టారూ, బంతి పొద్దస్తమానం ఆకాశంలోనే ఉంటుందా? కిందకి రాదా? వచ్చినప్పుడు మన ఎడంచెయ్యి లాక్కుపోతుంది," అన్నాడు పంక్చర్.

"రానిస్తేగా! మా నిచ్చెన చెయ్యెత్తితే మీ పిల్లలు ఆ నీడలో కూర్చుని కబుర్లు చెప్పుకోవచ్చు," అంది మందులావిడ.

"నువ్వు మా వీధిలో ఉంటూ వాళ్ళని 'మా' అంటావేంటమ్మా?"

"షాపు మీ వీధిలో ఉంది. మనసు కొండ మీదుంది."

పంక్చర్‌కి ఒళ్ళు మండిపోయింది. నా వైపు తిరిగాడు. "అక్కా, ఆ నాలుగో నంబరు చొక్కా ఒకసారి చూసి చెప్పు. చెమట ఎంత పట్టింది? ఆయాసపడే రకమా, కాదా?"

నేను నోరు తెరిచేలోపు లోపల తొట్టి దగ్గర్నుంచి మా తమ్ముడి గొంతు వినిపించింది. "గిరాకీ బట్టలో కనిపించింది గడప దాటకూడదు!" అది మా నాన్న పెట్టిన నియమం. జేబుల్లో దొరికిన ఉత్తరాలూ, కాలర్ల మీది రంగులూ మేమెన్ని చూడలేదు! ఒక్కటీ బయటికి పోలేదు.

"మా వృత్తిలోనూ అంతే," అంది మందులావిడ గంభీరంగా. "కస్టమర్ ఏం కొన్నారో చెప్పకూడదు. చెప్పను కూడా. కానీ మీ ఎడంచెయ్యి మొన్న మణికట్టు పట్టీ కొనుక్కెళ్ళింది."

పంక్చర్ మొహం మాడిపోయింది. "ఏ చేతికి?"

"ఎడమ చేతికే అడిగింది."

"కుడి చేతికేమో, సరిగ్గా గుర్తు తెచ్చుకో తల్లీ!"

మాస్టారు నోటుబుక్కు తీసి ఏదో కొట్టేశారు. ఇప్పుడు నేను మీకో విషయం చెప్పాలి. అప్పటికి నాకు తెలిసినంతవరకు అది నాకొక్కదానికే తెలుసు.

మేకు అసలు ఆడట్లేదు.

ఇస్త్రీ పెట్టే మనిషికి చొక్కా చూస్తే తెలియదా? పరిగెత్తినవాళ్ళ చొక్కాకి మెడపట్టీ అట్టలా బిగుసుకుంటుంది, వీపు మధ్యన ఉప్పు తెల్లగా గీతకడుతుంది. మొదటి మ్యాచ్ తర్వాత వచ్చిన జట్టు బట్టల మూట, ఉతుక్కి వేసేముందు లెక్కపెడదామని విప్పితే, పద్నాలుగో నంబరు చొక్కా మీద చెమట చుక్క లేదు. దానికి బదులు ముందూ వెనకా ఎర్రమట్టి. ఆ పోటీలన్నీ అద్దంలా తుడిచిన చెక్క నేలల మీద ఆడతారు. మట్టెక్కడిది? ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తే ఎరువు వాసన. పూలకుండీ మట్టి! పైగా నాలుగు వేళ్ళ అచ్చులు స్పష్టంగా కనిపిస్తున్నాయి. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే గుండె చివుక్కుమంది. మా తమ్ముడు చూస్తే? వాడప్పటికే వీధి వీధంతా చెప్పేశాడు, మా అమ్మాయి ఆరు పాయింట్లు కొట్టిందని.

అందుకని నేనో పని చేశాను. బట్టల మీద నీళ్ళు చిలకరించే సీసాలో రెండు చెంచాల ఉప్పు కలిపి, ఆ చొక్కా వీపు మీదా చంకల్లోనూ కొట్టి, ఆరబెట్టి, తమ్ముడి తొట్టి పక్కన పడేశాను. అలా ఏడు మ్యాచ్‌లకీ చేశాను. తప్పే. అయితే ఏమిటి? మేనత్తని, ఆమాత్రం చెయ్యనా?

గురువారం ఆ బల్ల మీద గొడవ ఎక్కడికి పోయిందంటే, పంక్చర్ ఉన్నట్టుండి లేచి, "ఎడంచెయ్యి లేకపోతే ఏం? మన మేకు లేదూ? మేకుని దింపుతారు!" అన్నాడు.

మాస్టారు కళ్ళజోడు సర్దుకుని కాగితాలు తిప్పారు. "పద్నాలుగో నంబరు... చిత్రంగా ఉందే. ఏడు మ్యాచ్‌లు. పేపర్లో వేసిన పట్టికలో ఈ నంబరు ఒక్కసారీ లేదు."

నా చేతిలో పెట్టె ఆగిపోయింది. కింద హోటలు వాళ్ళ దుప్పటి మీద త్రికోణం అచ్చు పడింది.

మా తమ్ముడు తడిచేతులతో బయటికొచ్చాడు. "పేపర్లో అచ్చుతప్పులుంటాయి మాస్టారూ."

"ఏడుసార్లూనా?"

"అంటే మేకు ఆడట్లేదా?" అన్నాడు పంక్చర్. వాడు వెక్కిరించలేదు, నిజంగానే బాధపడ్డాడు. అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

తమ్ముడు ఒకసారి ఆరేసిన దుప్పట్ల వైపు చూశాడు. తర్వాత మీసం మెలేశాడు. "శనివారం మా అమ్మాయి ఆటలోకి దిగుతుంది. మీ కళ్ళతో మీరే చూస్తారు. దిగకపోతే ఈ మీసం తీసేస్తాను. రాసుకోండి మాస్టారూ."

మాస్టారు రాసుకున్నారు. తేదీ వేసి, మందులావిడతో సాక్షి సంతకం కూడా పెట్టించారు. వాళ్ళు పోయాక వెనకగదిలోకి వెళ్తే, బియ్యపు డబ్బా మీద మేకు కూర్చుని ఉంది. మొహం పాలిపోయింది.

"అత్తా, కొంప మునిగింది. నేను దుప్పట్ల వెనకే ఉన్నాను. అంతా విన్నాను."

"ఏం విన్నావే?"

"నాన్న మీసం!" అని బావురుమంది. "నేనాడను అత్తా. కోచ్ మేడమ్ నన్ను దింపదు. ఇప్పటిదాకా ఒక్క నిమిషం కూడా దింపలేదు."

"తెలుసు."

"ఎలా తెలుసు?"

"పూలకుండీ మట్టి. నాలుగు వేళ్ళు. మీ జట్టులో ఎవరైనా కుండీలో దూకి ఆడతారటే?"

ఏడుస్తూనే నవ్వింది పిచ్చిమొద్దు. "మొదటి మ్యాచ్ అయ్యి ఇంటికొచ్చాను. నాన్న గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. 'ఆడావా' అని అడిగుంటే లేదనే చెప్పేదాన్ని అత్తా. 'ఎన్ని కొట్టావే' అన్నాడు. ఆరు అనేశాను."

"మరి ఆడనప్పుడు మానెయ్యొచ్చుగా?"

"ఎందుకు మానాలి?" అంది కోపంగా. ఆ కోపం మా వైపుదే, సందేహం లేదు. "నాకు పనుంది. ప్రాక్టీసులో ఎదుటి జట్టులా ఆడేది నేనే. ఈ వారమంతా నిచ్చెనని నేను. నిచ్చెన చెయ్యి ఎంత ఎత్తుకి లేస్తుందో కొలిచి, అంత ఎత్తున చీపురు పట్టుకుని నిలబడతాను. ఎడంచెయ్యి అక్క ఆ చీపురు మీదుగా బంతి వెయ్యాలి. మొన్నటిదాకా పదింట్లో రెండు పడేవి. ఇప్పుడు ఆరు పడుతున్నాయి."

"ఇది మీ నాన్నతో చెప్పచ్చుగా!"

"చీపురు పట్టుకున్నానని చెప్పనా? ఆరు కొట్టానని చెప్పాక?" అని ముక్కు తుడుచుకుంది. "చీలమండ బెణికిందని చెప్పేస్తాను. కట్టు కట్టుకుని పోతే మీసం దక్కుతుంది కదా?"

ఆలోచన బాగానే ఉందనిపించింది, ఎందుకు దాచాలి. కానీ ఉత్తపుణ్యానికి కాలు బెణికిందని చెప్పుకోవడానికి నా మనసొప్పలేదు. నాన్న సంగతి నేను చూసుకుంటానని చెప్పి పంపేశాను. ఏం చూసుకోవాలో నాకే తెలీదు.

సాయంత్రం తలుపులు వేసేటప్పుడు మొదలుపెట్టాను. "ఒరేయ్, నీకు బుద్ధుందా? ఆ మీసం సంగతి ఎందుకెత్తావు?"

"దాని చెప్పులు కనిపించాయక్కా, దుప్పటి కింద," అన్నాడు వాడు తాళంచెవి వెతుక్కుంటూ. "నలుగురూ అది ఆడట్లేదంటుంటే, నేను నోరు మూసుకుంటే, అవతల నిలబడి వినే దానికెలా ఉంటుంది?"

"అంటే నీకు తెలుసా?"

"మట్టి సంగతి మొదటివారమే తెలిసింది. ఉతికేవాణ్ణి, నాకు తెలీదా? దాని అంతట అది చెబుతుందని చూస్తున్నాను. నాకు అర్థం కానిది ఉప్పే. చెమటైతే మెడ దగ్గర మొదలై కిందకి దిగుతుంది. ఇది పన్నీరు జల్లినట్టు చుక్కలు చుక్కలుగా ఉంది. పాపం, పిచ్చితల్లి ఉప్పునీళ్ళు కూడా చల్లుకుంటోందా అని ఒకరోజంతా అన్నం సయించలేదు."

నేను ఎటో చూశాను.

"తర్వాత వకీలుగారు నల్లకోటు పట్టుకొచ్చి చూపించారు," అన్నాడు వాడు. "ఇస్త్రీకిచ్చి తీసుకున్న కోటు. వీపంతా తెల్లటి ఉప్పు. ఇంత చెమటలు పడుతున్నాయంటే కేసు ఓడిపోతావేమోనయ్యా అని కోర్టులో అందరూ నవ్వారట. అప్పుడర్థమైంది, చల్లుతున్నది ఎవరో."

నాకు తల కొట్టేసినట్టయింది. సీసా కడగడం మర్చిపోయాను, అంతే. ఇంతకీ ముగ్గురం ఒకరి దగ్గరొకరం దాచుకుంటూ ఏడు వారాలు ఒకే చొక్కా చుట్టూ తిరిగాం. "ఇప్పుడేం చేస్తావు?" అన్నాను.

"శనివారం రానీ," అన్నాడు.

శనివారం హాలు కిక్కిరిసిపోయింది. ముగ్గురు మేధావులూ నేనూ ఒకే వరసలో కూర్చున్నాం. నా పక్క సీటు తమ్ముడికోసం సంచీ పెట్టి ఆపాను. ఎడంచెయ్యి పట్టీ లేకుండా దిగింది. మందులావిడ వైపు అందరం గుర్రుగా చూశాం. ఆ పట్టీ ఆ పిల్ల నాయనమ్మ కోసమట. ఆరా తీసి వచ్చి చెప్పిందీ ఆవిడే. "ఎడమ చెయ్యన్నాను కానీ ఎవరి ఎడమ చెయ్యో అన్నానా?" అని తిరిగి మామీదే విరుచుకుపడింది.

మేకు బెంచీ చివర కూర్చుంది. ఆట మొదలైంది కానీ దాని కళ్ళు ఆట మీద లేవు. నిమిషానికోసారి తలుపు వైపు చూస్తోంది, గోళ్ళు కొరుక్కుంటోంది. నిచ్చెన చెయ్యి ఎత్తినప్పుడల్లా మా ఎడంచెయ్యి తడబడుతోంది. మొదటి క్వార్టర్ అయ్యేసరికి తొమ్మిది పాయింట్లు వెనకబడ్డాం. "అంగుళానికి ఒక పాయింటు. నేను చెప్పలేదూ?" అన్నారు మాస్టారు.

అప్పుడెవరో పెద్దమనిషి వచ్చి నా సంచీ తీసి పక్కన పెట్టి కూర్చోబోయాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది. "కళ్ళు కనిపించట్లేదా? ఇక్కడ మనిషొస్తాడు, లేవండి!"

"అక్కా, నేనే," అన్నాడు ఆ మనిషి.

మా తమ్ముడు. మీసం లేదు. పటం తీసేసిన గోడలా ఆ చోటంతా తెల్లగా ఉంది. మేకూ నేనూ హాలుకి వచ్చేశాక తీసేశాడట, డ్యూటీ దిగి వచ్చిన మా మరదలు ఇంట్లో ఎవరో పరాయివాడు దూరాడని కెవ్వున కేక వేసిందట. పంక్చర్ నోరు తెరిచాడు, మళ్ళీ మూయలేదు.

"ఇంకా మూడు క్వార్టర్లున్నాయి," అన్నారు మాస్టారు. "ఫలితం తేలకముందే తీస్తే చెల్లదు."

"ముందే ఎందుకు తీశావురా?" అన్నాను నేను.

"అది బెంచీ మీద కూర్చుని నా మీసం గురించి బెంగపడుతుంటే, ఆటెప్పుడు చూస్తుందక్కా?" అని లేచి నిలబడి, కూతురు చూసేదాకా రెండు చేతులూ ఊపాడు.

అది చూసింది. మొదట గుర్తుపట్టలేదు. తర్వాత చేత్తో నోరు మూసుకుంది. వాడు తన పైపెదవి మీద వేలు పెట్టి చూపించి, ఆ వేలితోనే కోర్టు వైపు చూపించాడు. నన్ను కాదు, అటు చూడు అన్నట్టు. దానికంతా అర్థమైపోయింది. నాన్నకి తెలుసని, మొదట్నుంచీ తెలుసని. ముందు ఏడ్చింది, ఆ తర్వాత పడీపడీ నవ్వింది. కోచ్ మేడమ్ వెనక్కి తిరిగి చూసేంతగా నవ్వింది. నా కళ్ళలోంచి నీళ్ళు ఆగలేదు. ఉక్కగా ఉందని చెప్పాను.

ఆ తర్వాత అది ఇక కూర్చోలేదు. బెంచీ ముందు నిలబడి, "చీపురు! చీపురు!" అని ఒకటే కేకలు. హాలంతా తెల్లబోయింది. ఎదుటి కోచ్ అయితే నేల మీద ఏదన్నా చెత్త పడిందేమోనని వెతుక్కున్నాడు. ఎడంచెయ్యికి మాత్రం అర్థమైంది. నిచ్చెన చెయ్యి లేచింది. ఎడంచెయ్యి ఒకడుగు వెనక్కి వేసి ఇంకా ఎత్తుగా వేసింది. పడింది. మళ్ళీ చీపురు, మళ్ళీ పడింది. చివరి పది సెకన్లలో ఒక్క పాయింటు వెనక ఉన్నాం. మేకు గొంతు అప్పటికే బొంగురుపోయింది, అయినా అరిచింది. బంతి నిచ్చెన వేళ్ళ మీదుగా పోయి బుట్టలో పడింది. ఒక్క పాయింటు తేడాతో గెలిచాం. పంక్చర్ మాస్టారి బట్టతల మీద ముద్దు పెట్టాడు. మందులావిడ కూడా చప్పట్లు కొట్టి, ఎవరైనా చూశారేమోనని చేతులు వెనక్కి పెట్టుకుంది.

మేకుని మాత్రం కోచ్ మేడమ్ దింపలేదు. ఒక్క సెకను కూడా దింపలేదు.

సోమవారం జట్టు బట్టల మూట వచ్చింది. పద్నాలుగో నంబరు చొక్కా అందులో లేదు. అది మేకు చేతిలో ఉంది. నేరుగా తొట్టి దగ్గరికి వెళ్ళి వాళ్ళ నాన్న ముందు నిలబడింది.

"ఇది ఉతకక్కర్లేదు నాన్నా. నేనాడలేదు. ఏడు మ్యాచ్‌లూ ఆడలేదు. ఎనిమిదోదీ ఆడలేదు. ఆరు కొట్టాననీ, పది కొట్టాననీ అన్నీ అబద్ధాలే."

వాడు ఆ చొక్కా తీసుకుని, తిరగేసి, వెలుతురులో పెట్టి చూశాడు. మెడపట్టీ వేళ్ళతో నలిపాడు. "అక్కా, ఇలా రా" అన్నాడు.

వెళ్ళి చూశాను. మెడపట్టీ అట్టలా బిగుసుకుంది. అక్కణ్ణుంచి వీపు మధ్యన కిందిదాకా తెల్లగా, తీగలా ఉప్పుగీత. తమ్ముడు నా బల్ల మీది సీసా వైపు చూశాడు, తర్వాత నా వైపు చూశాడు.

"ఒట్టు! నేను ముట్టుకోనుకూడా లేదు," అన్నాను.

"తెలుసు. ఇది అసలు చెమటే," అని కూతురి వైపు తిరిగాడు. "బెంచీ మీద కూర్చుని ఇంత చెమటేంటే?"

"నేనెక్కడ కూర్చున్నాను నాన్నా!"

వాడు ఆ చొక్కాని తొట్టిలో ముంచాడు. సబ్బు రాశాడు. మామూలుగా ఒక్కసారి ఉతికేవాడు రెండుసార్లు ఉతికాడు. ఇంతలో బయట బల్ల మీద నుంచి పంక్చర్ గొంతు వినిపించింది. "అన్నా! ఇంతకీ శనివారం మన మేకు ఏం చేసిందో, ఆ చొక్కా ఏమంటోంది?"

తమ్ముడు మీసం మెలేద్దామని చెయ్యెత్తాడు. అక్కడ మీసం లేదు, సబ్బునురగ మాత్రం పెదవికి అంటుకుంది.

"గిరాకీ బట్టలో కనిపించింది గడప దాటకూడదు!" అని వీధి చివరిదాకా వినపడేలా అరిచి, ఆ చొక్కాని తనే తీసుకెళ్ళి వీధివైపు తీగ మీద, నంబరు అందరికీ కనిపించేలా ఆరేశాడు.